తెరమీది ఇంద్రజాలికుడు – జార్జి మెలియెస్

చలనచిత్రములలో మనుష్యులు కన్ను మూసి తెఱచునంతలో మాయమగుదురు. ఒకే నటుడు ఇద్దరై, ఒకే తెరమీద తనతో తానే వాదులాడును. తల మొండెమును విడిచి బల్లమీద కూర్చుండి పాటలు పాడును. ఇట్టి వింతలు నేటి బాలబాలికలకు కొత్తవి కావు. 1957 లో వెలువడిన మాయాబజారు చిత్రమున ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చుటను చూచి ఆనందింపని తెలుగువారు అరుదు. ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్లీ చూపిన నేర్పునకు ఆధారమైన ఉపాయములలో పెక్కింటిని, అంతకు సుమారు అఱువది సంవత్సరములకు పూర్వమే ఫ్రాన్సు దేశమున ఒక ఇంద్రజాలికుడు, తాను కూర్చుకొనిన యంత్రముతో, తన యింటి తోటలో సాధించియుండెను. అతని పేరు జార్జి మెలియెస్.

మెలియెస్ 1861 వ సంవత్సరము డిసెంబరు 8 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టు పనివాడుగా జీవితము నారంభించి, స్వయంకృషిచే మేలురకము బూట్లు తయారుచేయు కర్మాగారమునకు యజమాని అయ్యెను. తల్లి హాలెండు దేశస్థురాలు. వారి ముగ్గురు కుమారులలో జార్జి కడసారివాడు. కుమారులు మువ్వురును తన వ్యాపారమునే సాగింపవలెనని తండ్రి కోరిక. అయితే ఈ బాలుని మనస్సు చదువుమీదను నిలువలేదు, బూట్లమీదను నిలువలేదు. పుస్తకముల అంచులపై ఉపాధ్యాయుల బొమ్మలు గీసి శిక్షలను పొందుచుండెను. పదేండ్ల వయస్సున అట్టముక్కలతో చిన్న బొమ్మలాట రంగమును కట్టి, తానే బొమ్మలను ఆడించుచుండెను. పెద్ద యైన పిదప చిత్రకళ నభ్యసింపగోరి తండ్రి ననుమతి యడిగెను. చిత్రకారుడు ఆకలితో మాడవలసినదే యని తండ్రి యంగీకరింపలేదు.

1884 లో తండ్రి అతనిని ఇంగ్లీషు భాష నేర్చుకొనుటకై లండను నగరమునకు పంపెను. అచ్చట ఒక దుకాణమున గుమాస్తాగా నుండి భాష నలవఱచుకొనవలెనని ఏర్పాటు. భాష సరిగా రానివానికి నాటకశాలలలోని సంభాషణలు బోధపడవు. కావున అతడు మాటల యక్కఱ యంతగా లేని ఇంద్రజాల ప్రదర్శనములకు పోవుచుండెను. ఈజిప్షియన్ హాలు అను మందిరమున మాస్కెలీన్ అను ప్రసిద్ధ ఐంద్రజాలికుడు ప్రదర్శనము లిచ్చుచుండెను. మెలియెస్ అచ్చటికి పలుమాఱులు పోయి, చూచినదానిని చూచినట్లు విడిచిపెట్టక, ప్రతి మాయకు వెనుక దాగిన కిటుకేమో ఊహించుచుండెను. నేర్చుకొని రమ్మని తండ్రి పంపినది ఒకటి. కుమారుడు నేర్చుకొని వచ్చినది వేఱొకటి.

1885 లో పారిస్ నగరమునకు తిరిగివచ్చిన పిదప తండ్రి అతనికి కర్మాగారమునందలి యంత్రములను చూచుకొను పని నప్పగించెను. అది యతనికి ఇష్టములేని పని. అయినను ఇనుపచక్రముల నమర్చుట, విఱిగిన భాగములను సరిచేయుట, ఒక కదలికనుండి మఱియొక కదలికను పుట్టించుట అతని చేతికి అచ్చటనే అలవడినవి. ఆ కర్మాగారమున గడపిన దినములు వ్యర్థములు కావని కొంతకాలమునకు తేలెను.

1888 లో తండ్రి వ్యాపారమునుండి విశ్రాంతి గైకొనెను. జార్జి తన భాగమును అన్నల కమ్మివేసి, ఆ ధనముతో రాబర్ట్ హూడిన్ నాటకశాలను కొనెను. రాబర్ట్ హూడిన్ గడియారములు చేయు నిపుణుడు, ఇంద్రజాలికులలో అగ్రగణ్యుడు. తమంత తామే వ్రాయునట్టియు, ఆడునట్టియు యంత్రపు బొమ్మలను అతడు నిర్మించెను. అతడు గతించిన చాలకాలమునకు ఆ శాల, అందలి యంత్రపు బొమ్మలతో సహా, మెలియెస్ వశమయ్యెను. శాల చిన్నది, ప్రేక్షకులు పలుచబడియుండిరి. మెలియెస్ కొత్త మాయలను రచించి, తెరలను తానే చిత్రించి, దుస్తులను తానే నిర్ణయించి దానికి మఱల ప్రాణము పోసెను. అతడు కల్పించిన యొక మాయలో, వాగుడుకాయ యైన పండితుని తల నఱికినను ఆ తల తన యుపన్యాసమును మానదు. ఈ తల నఱకు సరదా అతనిని జీవితాంతము విడువలేదు.

1895 డిసెంబరు 28 వ తేదీ అతని జీవితమును మార్చివేసెను. ఆ దినమున పారిస్ లోని గ్రాండ్ కఫే భూగృహమున లూమియేర్ సోదరులు తమ చలనచిత్ర యంత్రమును ప్రజలకు ప్రదర్శించిరి. వారి తండ్రి యాహ్వానముపై మెలియెస్ వెళ్లెను. తెరమీద మొదట కదలని వీధి బొమ్మ కనబడినది. ఇంతమాత్రమునకా పిలిచిరని అతడు చప్పరించునంతలో, బొమ్మలోని గుఱ్ఱము బండి నీడ్చుకొని ముందునకు వచ్చినది, బాటసారులు నడువసాగిరి. ప్రదర్శనము ముగియగనే అతడు ఆ యంత్రమునకు పదివేల ఫ్రాంకు లిచ్చెదననెను. లూమియేర్‌లు అమ్ముటకు సమ్మతింపలేదు.

కొననీయకపోయినచో కట్టుకొనవలెను. మెలియెస్ లండను పోయి, రాబర్ట్ పాల్ అను యంత్రనిపుణుడు చేసిన చిత్రప్రదర్శన యంత్రమును కొనితెచ్చి, 1896 ఏప్రిల్ లో తన నాటకశాలలో ఇతరులు తీసిన చిత్రములను చూపసాగెను. పగలు ఆ యంత్రమును విప్పి పరీక్షించెను. చిత్రములను తెరమీద చూపు యంత్రమునకును, చిత్రములను తీయు యంత్రమునకును ప్రాణమొక్కటియే. రెండింటిలోను ఫిల్ము ఒక్కొక్క బొమ్మ మేర ముందునకు జరిగి, క్షణకాలము నిలిచి, మఱల జరుగవలెను. జరుగునప్పుడు వెలుతురు మూయబడవలెను; నిలిచినప్పుడు తెఱవబడవలెను. చూపు యంత్రమున వెలుతురు లోపలినుండి వెలుపలికి పోవును. తీయు యంత్రమున వెలుపలినుండి లోపలికి వచ్చును. భేద మింతియే. ఈ సూక్ష్మమును గ్రహించి మెలియెస్, కోర్‌స్తెన్, రోలోస్ అను ఇద్దఱి సాహాయ్యముతో, నాటకశాలయందలి యంత్రపు బొమ్మల విడిభాగములను గూడ వాడుకొని, స్వంత కెమెరాను నిర్మించెను. 1896 సెప్టెంబరులో దానికి పేటెంటు పొందిరి.

ఆ యంత్రము చూచుటకు అందమైనది కాదు, మోయుటకు తేలికయైనది కాదు. చేతిపిడిని త్రిప్పినప్పుడు కాఫీగింజలను విసరు తిరుగలివలె గరగర మ్రోయుచుండెడిది. నాటి చిత్రములు మూగవి గనుక ఆ మ్రోత బాధింపలేదు. అసలు కష్టము ఫిల్ముతో వచ్చినది. లండనునుండి తెచ్చిన ఫిల్మునకు అంచులయందు రంధ్రములు లేవు. రంధ్రములు లేనిదే పండ్లచక్రము ఫిల్మును పట్టి లాగజాలదు. రంధ్రముల మధ్య దూరము వెండ్రుకవాసి తప్పినను తెరమీద బొమ్మ వణకును. అందుచే రంధ్రములు పొడుచు పరికరమును గూడ సమకూర్చుకొనవలసి వచ్చెను. ఫిల్మును కడుగుట, నెగెటివునుండి ప్రతిని ముద్రించుట నేర్పువారు ఆనాడు లేరు. చీకటిగదిలో పాడుచేసికొనుచు నేర్చుకొనవలసినదే. ఒక్కొక్క ఫిల్ము ఇరువది మీటర్ల పొడవు. తెరమీద అది సుమారు ఒక్క నిమిషము నడచును. ఆ నిమిషమునకై దినములు గడచుచుండెను.

మొదట అతడు తీసినవి పేకాడువారు, వీధులు, రైళ్లు మొదలగునవి. అవి లూమియేర్‌ల చిత్రములకు అనుకరణములు. అతని ప్రతిభ వేఱొక దారిన బయటపడినది. ఒకనాడు పారిస్ లోని ఓపెరా కూడలిలో చిత్రము తీయుచుండగా కెమెరాలో ఫిల్ము చిక్కుకొని ఆగిపోయెననియు, దానిని సరిచేసి మఱల తీయునప్పటికి వీధిలోని బండ్లును మనుష్యులును మాఱిపోయిరనియు, తెరమీద చూచినప్పుడు ప్రయాణికుల బండి శవపేటిక బండిగా మాఱినట్లు కనబడెననియు అతడు వార్ధక్యమున వ్రాసికొనెను. ఈ కథను కొందఱు చరిత్రకారులు సందేహింతురు. అంతకు ముందే 1895 లో అమెరికాలోని ఎడిసన్ సంస్థవారు ఒక రాణి శిరచ్ఛేదమును చూపుటకై కెమెరాను ఆపి నటునికి బదులు బొమ్మను నిలిపియుండిరి. ఎట్లయినను, ఆ యుపాయమును ఒక్కసారి వాడి విడువక, దానిని ఒక కళగా పెంచినవాడు మెలియెస్. కెమెరాను ఆపినంతమాత్రమున మాయ కుదురదు. ఆపుటకు ముందు, మొదలుపెట్టుటకు తరువాత కొన్ని బొమ్మలు చెడును. నటుని చేయి కొంచెము ప్రక్కకు జరుగును. అతడు చెడిన బొమ్మలను కత్తెరతో తీసివేసి, రెండు తునకలను కదలిక కుదురునట్లు జిగురుతో అతికించుచుండెను. అతని నెగెటివులను, ప్రతులను పరీక్షించిన పరిశోధకులు దాదాపు ప్రతి మాయవద్దను ఈ అతుకును కనుగొనిరి. తెరమీద ఒక్క క్షణమున జరిగినట్లు తోచునది కత్తెరవద్ద గంటలకొలది శ్రమ.

ఆ 1896 లోనే అతడు స్త్రీ అదృశ్యమగు చిత్రమును తీసెను. నాటకశాలలో ఆ మాయకు రంగస్థలమున రహస్యద్వార ముండవలెను. కెమెరా ముందు ద్వార మక్కఱలేదు. కుర్చీలోని స్త్రీపై వస్త్రము కప్పి, కెమెరాను ఆపి, ఆమెను లేపివేసి, మఱల పిడి త్రిప్పినచో ఆమె మాయమైనట్లే. మెలియెస్ అంతటితో తృప్తిపడక ఆ కుర్చీలో ఒక అస్థిపంజరమును కూర్చుండబెట్టెను. ఇది నాటకశాలలో ఎవ్వరును చూడని యదనపు వింత. ఆ చిత్రమున నటించిన జాన్ దాల్సీ అను నటి తరువాతి కాలమున అతని జీవితభాగస్వామిని అయ్యెను.

1897 లో పారిస్ చెంత మోంత్రోయ్ అను ఊర తన యింటి తోటలో అతడు గాజుమందిరమును కట్టించెను. గోడలును కప్పును గాజువే. నాటి ఫిల్మునకు విద్యుద్దీపముల వెలుతురు చాలదు, సూర్యకాంతి కావలెను. ఆ మందిరము కొలతలు రాబర్ట్ హూడిన్ శాల కొలతలకు సరిపోలునట్లు నిర్ణయించెను. తెరలును, సామగ్రియు, దుస్తులును నలుపు, తెలుపు, బూడిద వన్నెలతోనే చిత్రింపబడుచుండెను. ఆనాటి ఫిల్ము ఎఱుపును నల్లగాను, నీలమును తెల్లగాను చూపుచుండుటచే రంగులు వేసినచో తెరమీద ఏమి కనబడునో చెప్పుట కష్టము. బూడిదవన్నెతో అట్టి మోసము లేదు. మేఘము కమ్మినచో పని నిలిచిపోవును. యజమాని, రచయిత, చిత్రకారుడు, దర్శకుడు, ముఖ్యనటుడు అన్నియు మెలియెసే. సాయంకాలము అక్కడ పని ముగించి, రాత్రి తన నాటకశాలకు పరుగెత్తుచుండెను.

ఆ గాజుమందిరమున 1898 లో తీసిన యొక చిత్రమున అతడు తన తలను తీసి బల్లమీద పెట్టును. మఱియొక తల మొలచును. దానిని గూడ తీసిపెట్టును. ఇట్లు మూడు తలలు బల్లలమీద, నాలుగవది భుజములమీద చేరి పాట కారంభించును. వాని పాట వినజాలక అతడు చేతిలోని వాద్యముతో రెండు తలలను మోది మాయము చేయును. ఇది ఎట్లు సాధ్యమైనదో తెలిసినగాని అతని శ్రమ బోధపడదు. ఫిల్ముపై వెలుతురు పడినచోటనే బొమ్మ ఏర్పడును. నల్లని చోట ఏమియు ఏర్పడదు. కావున వెనుక నల్లని తెర కట్టి, మొదట ఒక భాగమును తీయవలెను. కెమెరాలోని ఫిల్మును చీకటిలో వెనుకకు చుట్టి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి, నల్లగా మిగిలిన చోట రెండవ భాగము పడునట్లు మఱల తీయవలెను. తల లేనట్లు కనబడుటకు తలపై నల్లని ముసుగు వేసికొనవలెను. తల మాత్రమే కనబడుటకు మొండెమును నలుపులో దాచవలెను. ఒకసారికి మఱియొకసారికి పిడి వేగము మాఱరాదు. కెమెరా నూలుపోగంతయు కదలరాదు. అన్నింటికంటె కష్టమైనది నటన. ఎడమప్రక్కనున్న తల ఏ క్షణమున నవ్వునో జ్ఞప్తియందుంచుకొని, కుడిప్రక్కనున్న తల సరిగా ఆ క్షణముననే కోపగింపవలెను. అటుప్రక్క ఎవ్వరును లేరు.

1900 లో తీసిన వాద్యబృందము చిత్రమున ఏడు కుర్చీలు, ఏడుగురు వాద్యకారులు. ఏడుగురును మెలియెసే. ఒకే ఫిల్ము కెమెరాలో ఏడుమాఱులు నడచెను. ఆఱవసారివఱకు అంతయు సరిగా జరిగి, ఏడవసారి ఫిల్ము చినిగినను, నటుడు తొట్రుపడినను, మొదటి ఆఱుసారుల శ్రమయు గంగలో కలిసినట్లే. 1907 లో వ్రాసిన యొక వ్యాసమున అతడు ఈ కష్టములను వివరించెను.

తరువాతి కాలమున ఈ పనికై వేఱొక యంత్రము పుట్టెను. దానికి ఆప్టికల్ ప్రింటరని పేరు. చిత్రమును చూపు యంత్రమును ఒకవైపునను, కెమెరాను దాని కెదురుగను ఒకే పీఠముమీద బిగించి, తీసిన ఫిల్మును ఒక్కొక్క బొమ్మగా కొత్త ఫిల్ముమీదికి ఎక్కించుటయే దాని పని. ఒక బొమ్మపై మఱియొకటి చేర్చుట, చిన్నదానిని పెద్దది చేయుట, కదలికను నిలుపుట, వెనుకకు నడపుట దానియందు సాధ్యములు. పొరపాటు జరిగినచో మూలమైన నెగెటివు చెడదు. మఱల ముద్రించుకొనిన చాలును. 1940 దశకమున అమెరికాలో లిన్‌వుడ్ డన్ అట్టి యంత్రమును స్టూడియోలకు అనువగు రీతిని రూపొందించెను. ఆ కాలముననే కాలిఫోర్నియాలో జాన్ విట్నీ, జేమ్స్ విట్నీ అను సోదరులు తమ ప్రయోగచిత్రములకై అట్టి పరికరమును స్వయముగా కట్టుకొనిరి. మెలియెస్‌కు ఆ సౌకర్యము లేదు. గరగరలాడు ఆ కెమెరాయే అతనికి కెమెరా, ప్రింటరు కూడ. తప్పు జరిగినచో తిరిగి మొదటికే పోవలెను.

బొమ్మను పెద్దది చేయు సాధనము లేనప్పుడు ఏమి చేయవలెను? 1901 లో తీసిన రబ్బరు తల చిత్రమున శాస్త్రజ్ఞుడొకడు బల్లమీది తలకు తిత్తితో గాలి కొట్టును. తల ఉబ్బి ఉబ్బి పెద్దదగును. ప్రక్కవాడు గాలి ఎక్కువ కొట్టుటచే పగిలిపోవును. కెమెరాను కదల్చినచో తల క్రింది అంచు బల్లమీదనే నిలువదు. అందుచే మెలియెస్ ఒక ఏటవాలు బాటను కట్టించి, చక్రముల కుర్చీలో తాను కూర్చుండి, మెడ క్రింది భాగమును నలుపులో దాచి, కెమెరావైపునకు మెల్లగా లాగించుకొనెను. తల దగ్గఱకు వచ్చుకొలది పెద్దదిగా కనబడును. ఏటవాలు లెక్క సరిగా నుండుటచే అడుగు అంచు ఒకేచోట నిలిచియుండును. ఇట్లు తీసినదానిని శాస్త్రజ్ఞుని గదిని తీసిన ఫిల్ముమీదనే చేర్చెను. బూట్ల కర్మాగారమున యంత్రములతో కుస్తీపట్టినవాని లెక్క ఇది.

1902 లో చంద్రలోక యాత్ర వెలువడెను. అతని చిత్రములలో లోకమెఱిగినది ఇదియే. ఖగోళశాస్త్రజ్ఞులు పెద్ద ఫిరంగిగుండులో కూర్చుండి చంద్రునివద్దకు పోవుదురు. ఆ గుండు చంద్రుని కంటిలో గ్రుచ్చుకొనును. గొడుగుతో కొట్టినంతనే పొగయై పోవు చంద్రలోకవాసులతో పోరాడి, వారు సముద్రమున పడి ఇల్లు చేరుదురు. ఒక్క నిమిషపు చిత్రములు తీయు కాలమున అది సుమారు 260 మీటర్ల చిత్రము. మూడు నెలలు పట్టెను; పదివేల ఫ్రాంకులు వ్యయమయ్యెను. లూమియేర్ యంత్రమునకు ఏడేండ్ల క్రిందట అతడు ఇవ్వజూపిన సొమ్మును అంతియే. సంతలలో తిరుగు ప్రదర్శకులు ఇంత ధరయా యని మొదట వెనుకాడిరి. మెలియెస్ ఒకనికి ఉచితముగా ఇచ్చి ప్రదర్శింపజేయగా జనము విరుగబడి వచ్చిరి.

కొన్ని ప్రతులకు రంగులు గూడ వేయించిరి. పారిస్ లో ఎలిజబెత్ తుయిలియే అను నామె నడపు కార్యశాలలో ఇన్నూరుమందికి పైగా స్త్రీలు, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు మాత్రమే వేయుచు, గోరంత బొమ్మలపై కుంచె నడపుచుండిరి. చంద్రలోక యాత్రకు అట్టి రంగుల ప్రతి మిగులలేదని చిరకాలము తలచిరి. 1993 లో స్పెయిన్ దేశమునందలి కాటలోనియా చిత్రభాండాగారమునకు ఒకటి చేరినది. అది గట్టిపడి ముద్దయై యుండెను. రసాయనముల ఆవిరిలో మెత్తపఱచి, పొర పొరగా విడదీసి, పదమూడువేలకు పైబడిన బొమ్మలను ఒక్కొక్కటిగా సరిచేసి, 2011 లో కాన్ చలనచిత్రోత్సవమున ప్రదర్శించిరి.

చంద్రలోక యాత్ర అమెరికాలో వేలకొలది ప్రేక్షకులను రంజింపజేసెను. మెలియెస్‌కు మాత్రము దానివలన రావలసిన ధనము రాలేదు. ఒక ప్రతి చేత చిక్కినచో దానినుండి మఱియొక నెగెటివును ముద్రించుకొనుట సులభము. ఎడిసన్ సంస్థ, ఫిలడెల్ఫియాలోని లూబిన్ మొదలగువారు అట్లే చేసి విక్రయించుకొనిరి. దీనిని నివారించుటకై 1903 లో అన్న గాస్టన్ న్యూయార్కు పోయి శాఖను తెఱచెను. అమెరికాకు వేఱుగా మేలైన నెగెటివును పంపుటకై మెలియెస్ రెండు కటకములతో ప్రక్కప్రక్కన రెండు ఫిల్ములను ఒకేసారి తీయు ఏర్పాటు చేసెను. మనుష్యుని రెండు కన్నులవలె ఆ రెండు కటకములకు నడుమ కొంచెము ఎడము. అందుచేత, ఒక శతాబ్దమునకు పిమ్మట ఆ రెండు ప్రతులను జతచేసిన పరిశోధకులకు లోతు కనబడు చిత్రము లభించెను. అతడు కోరనిది అది.

అతని పతనమునకు దొంగప్రతులే కారణమనుట పూర్తిగా సత్యము కాదు. 1908 నాటికి ప్రేక్షకుల యభిరుచి మాఱినది. ఇతర దర్శకులు కెమెరాను నటునకు దగ్గఱగా జరిపి, ఒక చోటినుండి మఱియొక చోటికి కథను నడపుచుండగా, మెలియెస్ కెమెరాను నాటకశాలలో మొదటి వరుస ప్రేక్షకుని కుర్చీనుండి కదలనీయలేదు. అతనికి మాయయే ప్రధానము. కథ దాని కొక దారము. పెద్ద సంస్థలు వారమునకు కొన్ని చిత్రముల చొప్పున తయారుచేయుచుండగా, ఇతడు ఒక్కొక్క తెరను తన చేతితోనే చిత్రించుచుండెను. 1909 లో పారిస్ లో జరిగిన చిత్రనిర్మాతల మహాసభకు ఇతడే యధ్యక్షుడు. అయినను చిత్రముల నమ్ముట మాని అద్దెకిచ్చు కొత్త పద్ధతివలన సంతల ప్రదర్శకులు, అనగా ఇతని ఖాతాదారులే, దెబ్బతినిరి. 1911 లో తన యింటిని, స్టూడియోను తాకట్టు పెట్టి పాతే సంస్థనుండి ధనము తెచ్చెను. ఆ ధనముతో 1912 లో తీసిన ధ్రువయాత్ర చిత్రమున మనుష్యులను మ్రింగు మంచురాక్షసుని నిర్మాణము అద్భుతము. చిత్రము మాత్రము ఆడలేదు. ఆ సంవత్సరముతోనే అతని చిత్రనిర్మాణము ముగిసెను. 1913 లో భార్య యూజెనీ మరణించెను. 1914 లో యుద్ధము వచ్చి నాటకశాల మూతపడెను.

యుద్ధకాలమున ప్రభుత్వము మోంత్రోయ్ లోని గాజుమందిరమును గాయపడిన సైనికులకు ఆసుపత్రిగా మార్చెను. పారిస్ కార్యాలయమునందున్న నాలుగువందలకు పైబడిన ఫిల్ములను సైన్యమువారు స్వాధీనపఱచుకొని కరగించిరి. అందుండి వచ్చిన సెల్యులాయిడు సైనికుల బూట్ల మడమల తయారీకి పోయినది. బూట్ల వ్యాపారమును విడిచి వచ్చినవాని చిత్రములు బూట్లలో చేరినవి. 1923 లో రాబర్ట్ హూడిన్ శాలను కొత్త రాజవీథికై పడగొట్టిరి. ఆ యేడే ఋణము క్రింద ఇల్లును స్టూడియోయు పాతేవారి వశమయ్యెను. ఇల్లు విడుచునప్పుడు, దాచుటకు చోటులేక, కడుపుమంటతో మెలియెస్ తన యొద్ద మిగిలిన నెగెటివులను తోటలో పోగువేసి తగులబెట్టెను. ఏడుమాఱులు వెనుకకు చుట్టి తీసిన ఫిల్ములును అందుండెను. సెల్యులాయిడు మండుటకు ఎక్కువసేపు పట్టదు.

1925 లో అతడు జాన్ దాల్సీని వివాహమాడెను. ఆమెకు మోంపార్నాస్ రైలుస్టేషనులో ఆటబొమ్మలు, మిఠాయిలు అమ్ము చిన్న అంగడి యుండెను. ఉదయము మొదలు రాత్రివఱకు, చలికాలమున గాలి కొట్టుచుండగా, అతడు ఆ యంగడిలో కూర్చుండి పిల్లలకు బొమ్మలు అమ్ముచుండెను. రైళ్లకు పరుగెత్తువారిలో బాల్యమున అతని చిత్రములను చూచి చప్పట్లు కొట్టినవారు లేకపోలేదు. గుర్తించినవారు మాత్రము లేరు. కొన్నియేండ్లకు ఒక పత్రికా సంపాదకుడు అతని నానవాలుపట్టి, ఎదురుగా నున్నవాడు మెలియెస్ అని లోకమునకు చాటెను. ఆసక్తిగలవారు వెదుకగా కొన్ని ప్రతులు పల్లెపట్టున ఒక పాత భవనమున దొరకినవి. 1929 డిసెంబరులో పారిస్ లోని ప్లేయెల్ సంగీతశాలలో ఆ చిత్రములను ప్రదర్శించి అతనిని సత్కరించిరి. 1931 లో ఫ్రెంచి ప్రభుత్వము లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదము నొసగెను. దానిని అతనికి అందించినవాడు లూయీ లూమియేర్. యంత్రమును అమ్మనివారి చేతినుండి, ముప్పదియైదేండ్ల పిదప, పతకము వచ్చెను.

బిరుదము కడుపు నింపలేదు. చలనచిత్ర కార్మికుల సహాయసంఘమువారు 1932 లో ఓర్లీలోని తమ విశ్రాంతి గృహమున అతనికి, భార్యకు, తల్లిని కోల్పోయిన మనుమరాలికి ఆశ్రయ మిచ్చిరి. అచ్చటికి హెన్రీ లాంగ్లువా, జార్జి ఫ్రాంజు అను యువకులు వచ్చుచుండిరి. పాత చిత్రములు నశింపకుండ కూడబెట్టవలెనని వారి పట్టుదల. వారియొద్ద డబ్బు లేదు, ఫిల్ములను దాచుటకు చోటు లేదు. విశ్రాంతి గృహపు ఆవరణమున పాడుబడియున్న యొక కట్టడమును అందుకై కుదుర్చుకొని, దాని తాళపుచెవిని మెలియెస్ చేతికిచ్చిరి. తన ఫిల్ములను తానే కాల్చివేసినవాడు ఇతరుల ఫిల్ములకు కావలి యయ్యెను. ఆ కొద్దిపాటి పోగే పెరిగి సినిమాథెక్ ఫ్రాన్సేజ్ అను ప్రసిద్ధ చిత్రభాండాగారమైనది.

మెలియెస్ 1938 జనవరి 21 వ తేదీన పారిస్ నగరమున మరణించెను. పేర్ లషేజ్ శ్మశానవాటికలో అతని సమాధి యున్నది. అతడు తీసిన అయిదువందలకు పైగా చిత్రములలో సుమారు ఇన్నూరు నేటికి దొరకినవి. వానిలో చాలవఱకు ఆనాడు సంతలలో ప్రదర్శించినవారి పెట్టెలలో మిగిలినవియు, అమెరికాలో హక్కుల నమోదుకై గాస్టన్ దాఖలుచేసిన కాగితపు ప్రతులును, దొంగతనముగా ముద్రించిన నకళ్లును.